గొలుసు కొస

హాలిఫాక్స్ కొండవాలు మీద
మసిబారిన రాతి ఇళ్ల వరసలో పదకొండో నంబరు.
వాకిట్లో బోర్డు: అమ్ముడైంది.
కింద చీమ తలకాయంత అక్షరాల్లో: ఒప్పందానికి లోబడి.
అంటే, అమ్ముడవలేదన్నమాట.

మా వైపు బజానా పుచ్చుకున్నాక
మాట తప్పితే ఊళ్లో మొహం చెల్లదు.
ఇక్కడ కాగితాలు చేతులు మారేదాకా
అవునంటే అవునూ కాదు, కాదంటే కాదూ కాదు.
లాయరు పికర్స్‌గిల్ గారు కళ్లజోడు ముక్కు మీదికి జరుపుకుని
ఈ సంగతి నాకు మూడుసార్లు చెప్పారు.
మూడుసార్లకీ బిల్లు వేశారు.

గజంపింగ్ జాగ్రత్త, అన్నారు.
గజాలు కొలవడానికి ఎవరో వస్తారు కాబోలని
టీలోకి కేకు కొని ఉంచాను.
కుదిరిన బేరం మీద
ఇంకొకడు నాలుగు డబ్బులెక్కువ పెట్టి తన్నుకుపోవడమట.
కేకు మేమే తిన్నాం.

లీజ్‌హోల్డ్: ఇల్లు మీదే, దాని కింద నేల మీది కాదు.
తొమ్మిది వందల తొంభై తొమ్మిదేళ్లకు రాసిన కాగితం.
“ఇంకా ఎనిమిది వందల అరవై మూడేళ్లున్నాయి, తొందరేం లేదు.”
భానోజీ వేళ్లు మడిచి లెక్క వేశాడు, పాపం.
నేలకు అద్దె ఏడాదికి ఒక మిరియపు గింజ.
అదీ అడిగితేనే.
ఇంతవరకు ఎవరూ అడగలేదట.

వాళ్ల మాటలన్నిట్లో
నాకు పుట్టుకతో తెలిసింది ఒక్కటే: చైన్.
మా నాన్న సర్వే శాఖలో చైన్‌మన్.
చీపురుపల్లి చుట్టుపక్కల చేలల్లో
ఇనప గొలుసు కొస పట్టుకుని నిలబడేవాడు.
రెండో కొసన గొడుగు కింద సర్వేయరు గారు.
తుమ్మొచ్చినా, కాలి మీద కండచీమ పాకినా
చెయ్యి కదలకూడదు.
కొస జారిందా,
కొలత మళ్లీ మొదటి రాయి నుంచే.

ఇక్కడి గొలుసులో కడియాలు మనుషులు.
మేం మోయ్‌రా ఇల్లు కొంటే
మోయ్‌రా చెల్లెలి పక్కన బంగళా కొంటుంది,
బంగళావాళ్లు వేక్‌ఫీల్డ్‌లో ఫ్లాటు,
ఫ్లాటావిడ హోల్‌రాయిడ్ గారి ఇల్లు.
హోల్‌రాయిడ్ గారిని మాలో ఎవరూ చూడలేదు.
చలికాలంలో ఆయన భార్య పోయింది.
ఆవిడ పోయేముందు నానబెట్టి ఉంచిన చిక్కుడు గింజలు
ఆయనే తీసి నాటాడు.
ఇప్పుడు పూత మీదుంది.
కాపు అయ్యాక కదులుతానన్నాడు.

జూలై అంతా
నాలుగు కుటుంబాలు
చూడని ఒక పాదు వైపు చూస్తూ కూర్చున్నాం.
బ్యాంకువాళ్ల గడువు కరిగిపోతోంది.
“హడర్స్‌ఫీల్డ్‌లో కొత్త ఫ్లాట్లు, ఏ గొలుసూ లేదు,” అన్నాడు భానోజీ,
రెండుసార్లు, రెండోసారి గట్టిగా.

ఒక రాత్రి మోయ్‌రా ఫోను.
ఎవరో నాలుగు వేల పౌండ్లు ఎక్కువిస్తానన్నారట, రొక్కం.
“నీకు చెప్పకపోతే నిద్ర పట్టేలా లేదు.”
ఇద్దరం కాసేపు ఏమీ అనలేదు.
ఆవిడ వంటింట్లో కెటిల్ మరిగి టక్కుమని ఆగింది.
“ఉన్నావా?” అంది.
“పట్టుకునే ఉన్నాను,” అన్నాను.
ఫోను సంగతే అడిగిందో, ఏమో.

సెప్టెంబరులో ఒక శుక్రవారం, మిట్టమధ్యాహ్నం.
మన దస్తావేజుల్లో
దానవిక్రయాది సర్వహక్కులతో,
పుత్రపౌత్ర పారంపర్యంగా, ఆచంద్రార్కం
అని చదివేసరికి గొంతు ఎండిపోతుంది.
పికర్స్‌గిల్ గారు ఫోను చేసి ఒక్క మాటన్నారు:
పూర్తయింది.

ఖాళీ వంటింట్లో
మోయ్‌రా వదిలి వెళ్లిన చెత్తబండి రోజుల కాగితం,
ఏ తాళానిదో తెలియని తాళంచెవి.
సామాన్లలో ముందు పోపులపెట్టె తీశాను.
ఒక మిరియపు గింజ ఏరి
కరెంటు మీటరు పైన పెట్టాను.

“ఒకటి చాలా?” అన్నాడు భానోజీ.

ఈ ఏడాదికి చాలు.