మిగతా ఆకాశం

ముప్పై ఒక్కేళ్ళు
అవ్లబారి మెట్రోలో, కదిలే మెట్ల అడుగున
గాజు గదిలో కూర్చున్నాను.
ఒక కుర్చీ, ఒక ఎర్ర మీట, ఒక మైకు.
నా ఉద్యోగమంతా ఒక్క మాట:
"పరుగెత్తకండి, కుడిపక్క నిలబడండి."
పైకి పోయేవాళ్ళ మడమలూ
కిందికి దిగేవాళ్ళ మొహాలూ,
త్బిలిసి నాకు తెలిసింది అంతవరకే.

రిటైరైన రోజు కేకు కోసి
గోడ గడియారం చేతిలో పెట్టారు.
కాలం చాలనివాళ్ళకి కదా ఇవ్వాల్సింది!

మొదటి చలికాలం పొరుగింటి త్సియురి అల్లిక నేర్పింది.
నాలుగు నెలలకి ఒక మేజోడు,
అదీ పిల్లి కాలికి సరిపోయేంత.
చదరంగానికి పోతే పార్కులో ముసలాళ్ళు
నా ఎత్తు కూడా వాళ్ళే వేసేవాళ్ళు.
ఇంటి మెట్లెక్కుతూ సగంలో
ఊరికే నిలబడిపోయేదాన్ని,
అవే నన్ను తీసుకుపోతాయన్నట్టు.

పెన్షన్ కాగితాల్లో అమ్మ పేరు తప్పు పడింది.
దిద్దించుకోవడానికి పాత దస్త్రాల భవనానికి పోతే
దోదో అనే గుమాస్తా తుమ్ముతూ తుమ్ముతూ
ఒక రిజిస్టరు తెచ్చి నా ముందు పడేసింది.
అమ్మ తండ్రి: సంసోన్. ఊరు: కాఖేతిలో ఏదో కొండపల్లె.
వృత్తి గడిలో వంకర అక్షరాలు:
నూతులు తవ్వేవాడు.

ఎవరూ చెప్పలేదు నాకు.

అమ్మ సంగతి తెలుసు.
మెడదాకా నేలలో పూడ్చిన ద్రాక్షసారా జాడీల్లోకి దిగి
చెర్రీ బెరడు కుంచెతో కడిగేది.
కడుగుతున్నంతసేపూ లోపల్నుంచి పాడేది.
పాట ఆగితే లాగమని
ఆరేళ్ళ నా చేతికి తాడిచ్చేది.

నూతిలో తాత, జాడీలో అమ్మ, సొరంగంలో నేను.
"నూతిలో కప్పల వంశం మాది" అన్నాను.
దోదో నవ్వలేదు. తుమ్మింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
ఇరవై బారల లోతున తాత మెడ ఎత్తితే
ఆకాశం తెత్రి బిళ్ళంత.
అదే చాలనుకుని మళ్ళీ గునపం ఎత్తి ఉంటాడు.
మరి మిగతా ఆకాశం
ఎవరి వాటాకి పోయినట్టు?

సెప్టెంబరులో రైలెక్కి బతూమి పోయాను.
సముద్రానికీ కొండలకీ మధ్య ఇరుకు దారిలో
గద్దలు దక్షిణానికి వలసపోతాయి;
కొండమీద కూర్చుని వాటిని లెక్కపెట్టేవాళ్ళు కావాలని
ఎప్పుడో స్టేషన్ గోడమీద కాగితం చూశాను.
యోస్ట్ అనే డచ్చి కుర్రాడు
నా వయసు అడగబోయి మానేసి
"కుర్చీ ఉంది" అన్నాడు.
కుర్చీ! నాకొచ్చిన విద్య అదొక్కటేగా.

రెండు రోజులు అన్నీ నల్లచుక్కలే.
మూడో మధ్యాహ్నం
వెచ్చగాలి మీద సుడి తిరుగుతూ లేచాయి,
రెక్క ఆడించకుండా, కుదురుగా,
ఒకదాని వెనక ఒకటి.
ఇది నాకు తెలుసు.
ఇవి మెట్లు.

తూలేది, తోసుకుపోయేది,
జత తప్పి వెనక్కి చూసేది,
ముందే పట్టేశాయి నా కళ్ళు.
"మబ్బు కింద, పద్నాలుగు తేనెగద్దలు,
వెనకాల ఒక పాముగద్ద."
యోస్ట్ బైనాక్యులర్ దించి నన్ను చూశాడు.

ముప్పై ఒక్కేళ్ళూ గంగపాలు కాలేదన్నమాట,
అని మురిసిపోయేలోగా
ఎవరి పిల్లాడో కొండ అంచుకి ఉరికాడు.
గొంతు దానంతటదే లేచింది:
"పరుగెత్తకండి! కుడిపక్క నిలబడండి!"
ఆరు దేశాలవాళ్ళు, నా భాష ముక్క రానివాళ్ళు,
టీ కప్పులతో సహా
కుడిపక్కకి జరిగారు.

సాయంత్రం పుస్తకం నా దగ్గరికొచ్చింది.
పేరు: నజిబ్రోలా.
వృత్తి గడి దగ్గర కలం ఆగింది.
నా మనవల మనవరాలెవరో
దుమ్ములో తుమ్ముతూ ఇది చదువుతుందేమో,
ఏం రాయను?

చీకటి పడుతోంది.
పైన ఇంకా ఒకటి పోతోంది,
ఆలస్యంగా, ఒంటరిగా, తొందరేం లేకుండా.
గడి అలా వదిలేసి
ముందు దాన్ని లెక్కలో వేశాను.