ముప్పై ఆరు, కింది బెర్తు

ఆదివారం పొద్దున మూర్ మార్కెట్ వెనక
తుప్పు తాళాలు, పాత గొడుగుల మధ్య
మూత పగిలిన టర్న్‌టేబుల్ కనబడింది.
ఎనిమిది వందలన్నాడు. ఆరు వందలిచ్చాను.
ఇంట్లో రెండు వందలని చెప్పాను.
అప్పట్నుంచి మా ఇంట్లో ప్రతి సామానుకీ
రెండు ధరలు.

బెల్టు లేదు దానికి.
రబ్బరు బ్యాండ్లు రెండు ముడేసి తొడిగితే
చుట్టుకోసారి కల్యాణికి ఎక్కిళ్లు.
రిచ్చీ స్ట్రీట్‌లో మొహిద్దీన్ గారు
కళ్లద్దాలు నుదుటికెత్తి
"ఇది మొదలుపెడితే ఆగదమ్మా" అన్నాడు.
బేరానికి ముందే నిజం చెప్పేవాడు
ఆ వీధిలో ఆయనొక్కడే.

పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో
రైలు పెట్టెలకి తీగలు లాగేదాన్ని నేను.
డెబ్బై రెండు మంది నిద్రకి దీపాలు పెట్టినదాన్ని
ఒక్క గదికి పాట తేలేనా అనుకున్నాను.

స్పీకర్ పెట్టెలకి చెక్క తుక్కు వేలంలో దొరికింది.
రెక్సిన్ చింపితే మంచి ప్లైవుడ్,
ముప్పై ఏళ్లు ఊళ్లు తిరిగిన బెర్తు పలకలు.
చిత్రిక పట్టబోతున్న రాజమాణిక్యాన్ని
అడుగున రంగుతో రాసిన నెంబరు మాత్రం ఉంచమన్నాను.
అది ఎడమ స్పీకరయింది.
మృదంగం తొప్పి మోగినప్పుడల్లా
ఎవరో ఒత్తిగిల్లినట్టుంటుంది అందులో.

తర్వాత హమ్.
పాట కింద పాటలా, ఊఁ అని,
తెల్లవార్లూ అలిగి కూర్చున్న చుట్టంలా.
తీగలు మార్చాను, వాల్వులు మార్చాను,
ట్రాన్స్‌ఫార్మర్‌ని వంటింటి వైపు తిప్పి చూశాను.
అనుమానంతో ఫ్రిజ్ ఆపేస్తే
పాలు విరిగాయి.
మా ఆయన నాలుగు రోజులు మాట్లాడలేదు,
హమ్ మాట్లాడింది.

తప్పు నా పెట్టెల్లో లేదు. గోడలో ఉంది.
అయనావరంలో ఈ మూడంతస్తుల మేడకి
పచ్చ తీగ రెండడుగులు వెళ్లి ఆగిపోయింది,
మేస్త్రీ అక్కడే ముగించేశాడు.
పాతికేళ్లుగా తొమ్మిది కుటుంబాలం
భూమి తగలకుండా కాపురాలు చేస్తున్నాం.
మునగచెట్టు పక్కన గొయ్యి తవ్వించి
రాగి కడ్డీ దింపి, ఉప్పూ బొగ్గూ పోశాను.
రోజూ చెంబుడు నీళ్లు పోస్తుంటే
కింది వాటా ఆవిడ అడిగింది,
ఏ దేవుడని.

హమ్ పోయింది.
పోయాక తెలిసింది దాని వెనక ఏముందో:
వయొలిన్ రికార్డు రెండో వైపు,
ఆలాపన ఊపిరి తీసుకున్న చోట
ఎవరో కుర్చీ జరిపారు,
అరవై ఏళ్ల కింద.
ఇక రాగం పోయింది నాకు.
ఆ కుర్చీ కోసమే వింటున్నాను.

మే నెలలో ఓ రాత్రి కరెంటు పోయింది.
వాల్వులు మెల్లగా నల్లబడ్డాయి,
పళ్లెం ఇంకో రెండు చుట్లు తిరిగింది.
స్పీకర్లు మూగ.
పాట మాత్రం ఉంది.
చీమ పాడితే ఎంతో అంత,
సూది ముల్లు దగ్గరే.
వేలితో పళ్లెం తిప్పుతూ కూర్చున్నాను.
పక్కింటి యాళిని కొవ్వొత్తి తెచ్చి
చెవి ఆనించి విని, గదంతా చూసి
"దీనికా అక్కా ఇన్ని పెట్టెలు?" అంది.
నేను పలకలేదు.
పలికితే వేలు తడబడుతుంది.

కరెంటొచ్చింది. కుర్చీ జరిగింది.

శనివారం మొహిద్దీన్ గారి కొట్టుకెళ్లాను,
కొత్త సూది ధర ఊరికే కనుక్కుందామని.
ఇంట్లో ఎంత చెప్పాలో
బస్సులోనే లెక్క వేసుకున్నాను.