ఉంటాను

సింగరాయకొండ రైలు గేటు దగ్గర
మా మేస్త్రి ఎలీయాజరు గడియారాల కొట్టు
శనివారం తెరిచేవాడు కాదు.
రేషన్ కార్డులో మాత్రం చాట్ల మత్తయ్యే.
చెప్పులు కుట్టే ఇంట పుట్టి, మిషను హాస్టలు గంజి తాగి
పాస్టరు కావలసినవాడు
ఒక హీబ్రూ క్రియ దగ్గర ఆగిపోయాడు.
అక్కణ్ణించి ముప్పయ్యేళ్ళు
చిట్టా పుస్తకాల్లో దాన్ని గురించే రాశాడు.
సువార్తమ్మ చర్చి మానలేదు.
వానొస్తే గొడుగిచ్చి పంపేది ఈయనే.

శనివారం మసకపడితే
వెనక గదిలో లైటు స్విచ్చి నేను వేసేవాణ్ణి.
వెయ్యమని ఆయన చెప్పకూడదు.
"చీకటైందిరా మస్తానూ," అని మాత్రం అనేవాడు.

మూడు చుక్కలు పొడిచేసరికి
సుగుణానందం పాస్టరు గారు దిగేవారు,
బాగుచెయ్యమనే వంకతో
బాగానే నడిచే వాచీ జేబులో వేసుకుని.

"మండే పొదలోంచి ఏమన్నాడయ్యా దేవుడు?
ఉన్నవాణ్ణి అన్నాడు. అంతేగా?"

"ఉన్నవాడంటే మన దగ్గర ఎవరండీ?
నలభై ఎకరాల పొగాకు, రెండు బ్యారన్లు.
ఇటుకలు మోసే లేనోళ్ళ దగ్గరికొచ్చి
నేను ఉన్నవాణ్ణని చెప్పుకుంటాడా ఆయన?"

"మరేమన్నాడంటావు మత్తయ్యా?"

"ఉంటాను."

"ఇప్పుడా? ఇక ముందా?"

"అది తెలుగులోనూ తేలదు.
అందుకే ఈ భాషంటే నాకు నమ్మకం."

"తేలింది. వచ్చాడు. బెత్లెహేములో."

"వచ్చుంటే
మీ చర్చిలో మావాళ్ళ బెంచీ
ఇంకా తలుపు పక్కనే ఎందుకుంది?"

పాస్టరు గారి టీ మీద మీగడ కట్టింది.
ఆ రాత్రి జవాబు లేదు.
పై శనివారం వస్తూనే, నిలబడే,
"బెంచీ జరిపించాను. ఇప్పుడేమంటావు?"

ఈయన కంటికి భూతద్దం తగిలించుకుని
చాలాసేపు ఆ వాచీలోకి చూశాడు.
"జరిపింది మీరు," అన్నాడు.

తొలకరి నాడు ఈయన పోయాడు.
శ్మశానం కమిటీ కుదరదంది.
పాస్టరు గారు తనకని కొనుక్కున్న చోటు ఇచ్చేశారు,
గోడ వారన, సిలువ లేకుండా.
ఏ ప్రార్థన చెయ్యాలో తెలీక
తడుస్తూ ఊరికే నిలబడ్డారు.
ఒక గులకరాయి ఏరి మట్టి మీద పెట్టారు.
"ఉంటాను, ఎలీయాజరూ," అని
వెనక్కి తిరిగారు.

వెళ్ళేటప్పుడు అందరం అనే మాటే.
నేనేం అడగలేదు.

ఆయన వాచీ ఇంకా నా దగ్గరే ఉంది.
ఎంత సరిచేసినా
రోజుకి నాలుగు నిమిషాలు ముందుకి పోతుంది.