వేన్నీళ్ళు రాని మూడో దినం

కొండ మీది నుంచి దిగొచ్చి
కొర్లగుంట సందులో తాళం తీసేసరికి రాత్రి పదకొండు.
ఒంటి నిండా ఎవరెవరివో వెంట్రుకలు:
గుంటూరు ముసలమ్మవి, సేలం పసిబిడ్డవి,
ఏ ఊరో చెప్పకుండా కళ్ళు మూసుకు కూర్చున్న ఒక పడుచువి.
రవిక మెడలో, మోచేతి మడతలో,
చెవి వెనక.
చన్నీళ్ళు పోస్తే ఇంకా అంటుకుంటాయి.
పదిహేనేళ్ళుగా కత్తి పట్టిన చేతికి ఇది తెలుసు,
వెంట్రుక వేడికే లొంగుతుంది.

కొళాయి తిప్పితే ముందు ఒక దగ్గు,
తర్వాత గోరువెచ్చన అనడానికి కూడా చాలని నీళ్ళు.

మొన్న మంచు. ఎండ లేదు,
మిద్దె మీది సోలారు ఏం చేస్తుంది పాపం అనుకున్నా.
నిన్న మిరపకాయలు గలగలలాడేంత ఎండ.
రాత్రికి అవే నీళ్ళు.
ఇంటాయన కోదండ నాయుడు పళ్ళు కుట్టుకుంటా చెప్పాడు:
"ట్యాంకు పోయుంటాది మా. ముప్పై వేలు.
మూడిండ్లోళ్ళూ తలా పది ఏసుకోండి."
పది వేలంటే ఎన్ని తలలో
లెక్క వెయ్యబోయి మానుకున్నా.

ప్లంబరు చెంగల్రాయులు ఫోన్లో దొరికాడు, మనిషి దొరకలేదు.
పలమనేరులో తమ్ముడి పెండ్లంట.
వెనక మేళం మోగతా ఉంటే అరిచాడు:
"అక్కా, నువ్వు మిద్దెక్కు. నే చెప్తా."

టార్చి నోట కరుచుకుని ఎక్కాను.
దూరంగా మెట్ల దారి దీపాలు
కొండకు పాపిట తీసినట్టు.
"ట్యాంకు నుంచి దిగే పైపు పట్టుకో."
పట్టుకున్నా. చురుక్కుమంది.
"కాల్తా ఉందిరా!"
"ఐతే ట్యాంకుది తప్పు లేదు.
పైన వేడి పుడతానే ఉంది, దార్లో ఎవురో చంపతా ఉండారు.
ఆ పైపు వాల్వు కట్టేసి, కిందికి పొయ్యి కొళాయి తిప్పు.
నీళ్ళు నిలిచిపోవాల."

చక్రం తుప్పు. కొంగు చుట్టి తిప్పాను.
కిందికొచ్చి కొళాయి విప్పి
ఒకటి నుంచి రెండు వందల దాకా లెక్క పెట్టాను.
నిలవలేదు.
తాళం వేసిన ఇంట్లోంచి మనిషి నడిచొచ్చినట్టు
వేన్నీళ్ళ గొట్టంలోంచి చన్నీళ్ళు
వస్తానే ఉన్నాయి.

"మిక్సరు" అన్నాడు. మేళం ఆగింది.
"మూడిండ్లల్లో యాడో రెండు తిప్పుడ్లూ తెరిచిపెట్టి
చేతి షవరు మొన మూసినారు.
బయటికి దారి లేక లోపల్లోపలే కలుస్తాయి.
చన్నీళ్ళ ట్యాంకు ఎత్తున ఉండాది, తోపుడెక్కువ.
అవి వేన్నీళ్ళ దాంట్లోకి ఎగదన్నుతాయి.
పొయ్యి చూడు."

నడిమింట్లో షంషాదు మిషను ఇంకా కుడుతోంది.
అడిగితే స్నానాలగది చూపించింది.
కొత్త చేతి షవరు. మూడు రోజులైందంట పెట్టించి.
రెండు తిప్పుడ్ల మీదా
ఎర్రటి గోళ్ళరంగు చుక్కలు.
"అఫ్రీను భుజం కాలింది కదక్కా పోయిన నెల.
తానే పోసుకుంటానంటాది, వినదు.
అందుకే సరిగ్గా కలిపి అట్లే పెట్టేసినా,
పిల్ల మొన నొక్కితే చాలు."
తప్పు చేసినట్టు కాదు,
కొలత తీసిన దర్జీలా చెప్పింది.

నేనేం మాట్లాడలేదు కాసేపు.
నిద్రపోతున్న పిల్ల భుజం మీద
కాలిన చోటు కొత్త చర్మం నున్నగా మెరుస్తోంది.
"చుక్కలు పెట్టినావు కదే" అన్నాను,
"ఇంక మూసేస్తే ఏం?
మళ్ళీ చుక్క దాకా తిప్పితే అదే వేడి."
షంషాదు నవ్వి, సూది నోట్లోంచి తీసి,
రెండూ మూసింది.

ఇంటికొచ్చి సబ్బు రుద్దుకుని కొళాయి తిప్పాను.
చుక్క రాలేదు.
చుక్కంటే చుక్క.
అప్పుడు గుర్తొచ్చింది,
పైన వాల్వు నేనే కదా కట్టేసింది.

కళ్ళల్లో సబ్బు మండుతోంది, పన్నెండు దాటింది.
ఐనా ఒక నిమిషం ఆ ఎండు కొళాయి ముందే నిలబడ్డాను,
రాకూడని చోటి నుంచి ఏమీ రావడం లేదని
చెవి ఆనించి వింటూ.
తర్వాత తువ్వాలు చుట్టుకుని
చలిలో మళ్ళీ మిద్దెక్కాను.