ఒక్క ప్రింటు, రెండు హాళ్లు

పూర్ణా మార్కెట్ దగ్గరొక హాలు, కంచరపాలెంలో ఒకటి.
ప్రింటు మాత్రం ఒక్కటే.
మధ్యలో మా చిన్నాన్న ఎల్లాజీ,
కేరియరుకి ట్యూబుతో బిగించిన రేకు డబ్బాలు,
చెయినులో పడకుండా మడిచిన కుడికాలి పేంటు.

ఇక్కడ పెళ్లయిపోయినవాళ్లకి
అక్కడ ఇంకా చూపులే కలవలేదు.

జ్ఞానాపురం గేటు పడిందా, అంతే సంగతులు.
కొండల్లోంచి హార్బరుకి ఇనపరాయి బళ్లు,
లెక్కపెడితే యాభై పైచిలుకు.
ఎక్కడో పారిస్‌లో, మొదటి రోజుల్లో,
తెర మీద రైలొస్తే జనం లేచి పరిగెత్తారంటారు.
నిజమో, కోతలో.
మా ఊళ్లో రైలొస్తే
సినిమాయే ఆగిపోయేది.
తెర మీద సబ్బు స్లైడు, నేల క్లాసులో ఈలలు,
గేటు దగ్గర చిన్నాన్న
ఒక కాలు నేల మీద, ఒకటి పెడలు మీద.

ఉక్కు ఫ్యాక్టరీ కట్టడానికొచ్చిన రష్యావాళ్లకని
ఒక ఆదివారం పొద్దున మూగ సినిమా వేశారు.
పియానో వాయించేవాడు లేడు.
హార్బరులో ఓడ కూసింది, సరిపోయింది.
తలుపు సందులోంచి ఒక్క రీలు చూసి చిన్నాన్న అన్నాడు:
"మాటల్లేకపోతే ఏటి?
మా జాలారిపేటలో ఇంతే కదేటి,
కెరటాల హోరులో చేతుల్తోనే తిట్టుకుంతాం."

ఒక వానరాత్రి డబ్బాలు తారుమారయ్యాయి.
ఐదుకి ముందు ఆరు.
చచ్చిపోయిన తండ్రి గొడుగు దులుపుకుంటూ
గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు.
హాలంతా బూతులు.
ఆట వదిలాక గరికిన పోలమ్మ ఒక్కతే
మేనేజరు గదికెళ్లి అడిగిందట:
"రేపు కూడా ఇలాగే ఎయ్యండి బాబూ."
ఆమె మొగుడి బోటు
ఆ యేడే తిరిగి రాలేదు.

ప్రపంచ సినిమా చరిత్రని లావుపాటి పుస్తకం కొన్నాను.
సూచికలో సైకిలు వెతికితే
ఇటలీ అధ్యాయానికి పొమ్మంది.
పోయాను. చాలా బాగుంది.
జ్ఞానాపురం గేటు లేదు.

ఇప్పుడు నా ఉద్యోగం మాల్‌లో, నాలుగో అంతస్తులో.
అరచేతిలో పట్టే పెట్టెలో సినిమా వస్తుంది,
తాళంచెవి వేరే, మెయిల్లో.
మొన్న చిన్నాన్నని తీసుకొచ్చి కూర్చోబెట్టాను.
డెబ్భై నాలుగేళ్లకి
మొదట్నించి చివరిదాకా ఒక సినిమా.

తెర మీద ఏ దేశంలోనో మంచు కురుస్తోంది.
పద్దెనిమిదో నిమిషం.
పక్క సీట్లో ఆయన ముందుకి ఒంగి
చీకట్లో, ఎవరూ చెప్పకుండానే,
కుడికాలి పేంటు మడుచుకుంటున్నాడు.