నీళ్లు చెప్పిన లెక్క

మంగాఫ్‌లో ఫ్లాటు ఖాళీ చేసి
పోతా పోతా ఇంజనీరొకాయన నాకిచ్చిన సైకిలు ఇది.
ముందర రెండు కాళ్లకూ షాకులు,
సీటు కింద ఇంకొకటి, గుప్పెడు లావు.
కొండలు దిగేదానికి చేసినారంట.
కువైట్‌లో కొండ యాడుంది సామీ?
పెనం మీద రొట్టె మాదిరి ఊరు.
మిట్ట అనేది ఏమన్నా ఉంటే
రోడ్డుకడ్డంగా పోసిన స్పీడ్ బ్రేకరే.

తెల్లారుజామున మూడున్నరకి
పదహైదు కార్లు తుడిచేదానికి పోతా.
ఆ బిల్డింగు హారిసు
కొళాయికి తాళమేసినాడు కాబట్టి
నీళ్లు మా రూము కాడినుంచే,
హ్యాండిలుకు తగిలించిన బకెట్లో.

ఓబులేసుది ఒట్టి ఇనుప సైకిలు,
చైను కరకరలాడతాది.
అయినా నన్ను దాటిపోయి
సిగ్నలు కాడ కాలు మోపి నిలబడి
"ఏమన్నా, లిఫ్టులో వస్తాండావా?" అంటాడు.

నాకు నిజం చెప్పింది బకెట్టే.
తొక్కిన ప్రతిసారీ
బండి గొంతుక్కూచోని లేస్తాది.
ముందుకు పోవాల్సిన బలంలో కొంత
కిందికి పోతాంది.
ఎంత అంటే
నీళ్లు ఎంత తొణికితే అంత.
మూడు కిలోమీటర్లకి
ఎడమ బూటు తడిసేంత.

ఫహాహీల్ సందులో మొఫిజుల్ నవ్వలేదు.
టైరును బొటనవేలితో నొక్కి
గాలి కొట్టినాడు, రాయి అయ్యేదాకా.
సీటు కింద వంగి
గుడ్డతో దుమ్ము తుడిస్తే
బుడ్డ నీలం మీట బయటపడింది.
ఇటునుంచి అటు తిప్పి "లాక్" అన్నాడు.
గాలికి వంద ఫిల్సులు తీసుకున్నాడు.
తిప్పినందుకు ఏమీ వద్దన్నాడు.
ఎనిమిది నెల్లు తొక్కినా
ఆ మీట మీదనే కూచోని.

మర్నాడు బకెట్లో
వీధిదీపం గుండ్రంగా నిలబడింది.
ఓబులేసు ఎనకాల
"అన్నా, ఆగన్నా" అంటాండాడు.

కానీ రెండో స్పీడ్ బ్రేకరు కాడ
నడుము నన్ను పేరు పెట్టి పిలిచింది.
సెంట్రింగు పలకలు మోసిన కాలం నాటి
పాత నొప్పి.
ఇన్నాళ్లూ స్ప్రింగు ఊరికే తినలేదు,
తిన్నదానికి
నా ఎన్నుపూసకు కాపలా కాసిందని
అప్పుడు తెలిసింది.

అందుకే ఇప్పుడు
పోయేటప్పుడు తాళం, వచ్చేటప్పుడు లేదు.
ఖాళీ బకెట్టు ఎంత ఊగినా
అడిగేవాళ్లు ఎవరు?
ఎండెక్కే టయానికి
మసీదు ఎనక ఇసక దోవ పడతా,
నలభై గజాలుంటాదేమో.
గులకరాళ్లు, గుంటలు, విరిగిన ఇటుకలు.
ఆడ మాత్రం నేను తొక్కేది తక్కువ.
చక్రాలు ఎగిరి దిగుతాంటే
నా తల కదలదు.

ఓబులేసు తారు మీదనే చుట్టూ తిరిగి
నా తర్వాత రూముకు చేరతాడు.
ఏమీ అనడు.
టీకి నీళ్లు పెడతాడు.