చి.ల.సౌ. దగ్గర

ఆదోనిలో, పత్తి యార్డు వెనక సందులో
షాషావలి డీటీపీ షాపు.
పొద్దుట్నించి నాలుగోసారి
స్క్రీను బిగుసుకుపోయింది,
సరిగ్గా చి.ల.సౌ. దగ్గర.
ఆ పక్కన పడాల్సిన పేరు హులిగెమ్మ
జిన్నింగు మిల్లు నుంచి నేరుగా వచ్చి
కొప్పులో దూదితో స్టూలు మీద కూర్చోనుంది.

ర్యామ్ పీకి
దాని పసుపు పళ్లను రబ్బరుతో తోమి
ఉఫ్‌మని ఊది, టక్కుమని గుచ్చాడు.
మళ్లీ అక్కడే.

బయాస్ తెరిస్తే
అట్టపెట్టె మీది గొప్పంతా అందులో ఉంది:
మూడువేల రెండువందలు.
అమ్మినోడు "ఎగురుతుందన్నా" అన్న మాట నిజమే,
వాలడమే రాదు దానికి.

రెండువేల ఆరువందల అరవై ఆరుకు దించాడు.
ఎఫ్ టెన్. ఎంటర్.

పేరు పడింది. ఊరు పడింది. విందు పడింది.
"ఏం జేసినావన్నా?"
"రొంత నిదానంగా పొమ్మన్నా, అంతే."

హులిగెమ్మ నవ్వలేదు.
పెళ్లి ఎల్లుండే.